ఎర్రని అక్షరము – ఊరి తీర్పు

అక్షరమనగా నశింపనిదని అర్థము. విద్యను తలచుకొని పెద్దలు ఆ పేరు పెట్టినారు. పలకపై బిడ్డ చేయి పట్టుకొని దిద్దించిన మొదటి రూపము ఆ బిడ్డ ముదిమి వరకు వెంట నడచునని వారి నమ్మకము. అయితే నిందకును అదే గుణము కలదు. పలకపై వ్రాసినది తడిగుడ్డతో తుడిచివేయవచ్చును. మనిషిపై సంఘము వ్రాసినది తుడుచుటకు ఏ గుడ్డయు చాలదు. విద్య నేర్పు అక్షరమునకును, నింద మోపు అక్షరమునకును గల ఈ దగ్గరితనమును కనిపెట్టి, ఒకే ఒక అక్షరము చుట్టును ఒక మహానవలను అల్లినవాడు అమెరికా రచయిత నెథానియల్ హాథార్న్. 1850లో వెలువడిన ఆయన 'స్కార్లెట్ లెటర్', అనగా 'ఎర్రని అక్షరము', నేటికిని ఆంగ్ల సాహిత్య విద్యార్థులు చదువుచున్న గ్రంథము. దానిని బోస్టను నగరపు పాతకథగా చదివి, పరీక్ష వ్రాసి, మరచిపోవువారు పెక్కుమంది. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతమున కూర్చుండి చదువువారికి మాత్రము అది అంత దూరపు కథ కాదు.

కథ క్లుప్తముగ ఇది. ఇంగ్లండులో మతము తగినంత శుద్ధి పొందలేదని తలచి సముద్రము దాటి వచ్చిన ప్యూరిటనులు నెలకొల్పిన ఊరు బోస్టను. కథాకాలము 1642 ప్రాంతము. ఆ ఊరిలో పాపమునకును నేరమునకును భేదము లేదు; ప్రార్థనాలయములో తప్పైనది న్యాయస్థానములోను తప్పే. భర్త దూరదేశమున ఉండగా బిడ్డను కన్న హెస్టర్ ప్రిన్ అను యువతికి మరణదండన వేయవలసియుండగా, పెద్దలు కనికరించి వేరొక శిక్ష వేసినారు. ఆమె మూడు గంటలు ఎత్తైన వేదికపై ఊరివారి యెదుట నిలువవలెను. బ్రతికినన్నాళ్ళు రొమ్ముపై ఎర్రగుడ్డతో చేసిన 'ఏ' అక్షరమును ధరింపవలెను. ఆ నేరమునకు ఆంగ్లములో గల పేరులో అది మొదటి అక్షరము. బిడ్డ తండ్రి ఎవరో ఆమె చెప్పదు. ఆ తండ్రి ఊరంతయు పూజించు యువ మతాచార్యుడు డిమ్స్‌డేల్. ఆ పేరు చెప్పుమని అందరి యెదుట ఆమెను అడిగినవారిలో ఆయనయు ఒకడు! ఆమె భర్త, వయసు మళ్ళిన పండితుడు, చిల్లింగ్‌వర్త్ అను మారుపేరుతో వైద్యుడై ఊరు చేరి, ఆచార్యుని చెంతనే కాపురముండి, ఆయన గుండెలోని రహస్యమును కొంచెము కొంచెముగ త్రవ్వును. ఏడేండ్ల పిమ్మట ఆచార్యుడు అదే వేదిక ఎక్కి, నిజము ఒప్పుకొని, ప్రాణము విడుచును.

ఈ నవలను పాఠముగ చెప్పుచోట తరచు అడుగు ప్రశ్న ఒకటి కలదు: ఆ అక్షరమునకు అర్థమేమి? విద్యార్థి నేరము పేరు చెప్పును; ఉపాధ్యాయుడు మార్కులు వేయును. హాథార్న్ మాత్రము నవలలో ఆ నేరము పేరు ఒక్కచోటనైన వ్రాయలేదు. అక్షరమును చూపినాడు; దానిని చదువు పనిని ఊరికి వదలినాడు. ఊరు దానిని ఒకే తీరున చదువలేదు. ఈ నవలలోని ప్రతీకల బలమంతయు ఇక్కడనే ఉన్నది.

మొదట హెస్టర్ చదివిన తీరు చూడవలెను. ధరింపుమన్న గుడ్డముక్కను ఆమె బంగారు దారముతో, పనితనము ఉట్టిపడునట్లు కుట్టుకొన్నది. సూదిపనియే ఆమె జీవనాధారము. తీర్పు న్యాయాధిపతులది, దస్తూరి మాత్రము ఆమెది. ఆమె కూతురు పెర్ల్ కన్నులు ఉయ్యాలనాడు మొదట పట్టుకొన్న వస్తువు తల్లి రొమ్ముపై మెరయు ఆ ఎరుపే. కొంత పెరిగిన పిదప, అది తనకు తల్లి ఓనమాలతోపాటు నేర్పిన పెద్ద అక్షరమేగదా అని ఆ బిడ్డ గుర్తుపట్టును. లోకమునకు నిందయైనది బిడ్డకు చదువైనది. బిడ్డను తననుండి వేరుచేయదలచినారని విని హెస్టర్ గవర్నరు ఇంటికి పోయిన ఘట్టము మరొకటి. ఆ ఇంటి చావడిలో మెరుగుపెట్టిన ఉక్కు కవచము ఉండును. ఉబ్బెత్తుగనున్న దాని రొమ్ము భాగమున ఆమె తన నీడను చూచుకొనగా, అక్షరము భూతాకారముగ పెరిగి, మనిషి దాని వెనుక మరుగైపోవును. అధికారపు అద్దములో నిందితుడు కనబడు తీరు ఇంతకంటె చక్కగ చెప్పిన ప్రతీక మరొకటి దొరకుట కష్టము.

అటుపిమ్మట నడిరేయి ఘట్టము. ఆచార్యుడు నిద్రపట్టక ఎవరును చూడనివేళ ఆ వేదిక నెక్కి నిలుచును. ఆకసమున ఒక ఉల్క మెరసి, ఆ ఎర్రని కాంతి 'ఏ' అక్షరము గీచినట్లు ఆయనకు తోచును. తన పాపమును దైవము నింగిపై వ్రాసినదని ఆయన వణకిపోవును. మరునాడు ప్రార్థనాలయపు సేవకుడు వచ్చి, రాత్రి మరణించిన గవర్నరు విన్‌త్రప్ దేవదూతయైనాడనుటకు ఆ అక్షరము గుర్తని ఊరివారు అనుకొనుచున్నారని చెప్పును. ఆకసము ఒక్కటే, అక్షరము ఒక్కటే. చదువువాని మనస్సు వేరు. ఏండ్లు గడచినకొలది, రోగుల మంచముల ప్రక్కను, చావుసంభవించిన ఇండ్లలోను హెస్టర్ చేసిన సేవను చూచినవారు అదే అక్షరమును 'సమర్థురాలు' అని చదువసాగినారు. ఆంగ్లములో ఆ మాటకును మొదటి అక్షరము అదియే. కడపట, ఎవరును బలవంతపెట్టకయే, ఆమె బోస్టనునకు తిరిగివచ్చి తన యిష్టమున ఆ గుర్తును మరల ధరించినది. కష్టములోనున్న స్త్రీలు ఆలోచన అడుగుటకు ఆమె గుడిసెకు వచ్చుచుండిరి. అక్షరపు ఆకారము మారలేదు. దారము మారలేదు. దానిని చదువు ఊరు మారినది. ఊరిని మార్చినది ఆమె బ్రతుకు.

నవలలోని సంఘ తీర్పును తూచుటకు ఒక చిన్న లెక్క చాలును. వేదికపై నిలుచుటకు మూడు గంటల గడువు కలదు. అక్షరమునకు గడువు లేదు. చేసిన పనికి శిక్ష వేయుట ఒకటి. దానికి కొలత ఉండును. అనుభవించిన పిదప తీరును. మనిషికి ఒక పేరు తగిలించుట వేరొకటి. దానికి కొలత లేదు గనుక తీరుట యుండదు. అది పనినుండి మనిషికి, మనిషినుండి బిడ్డకు ప్రాకును. పెర్ల్ ఏ తప్పును చేయలేదు. అయినను ఊరి పిల్లలు ఆమెపై బురద చల్లబోయిరి. అదే పనిలో సగము పాలు గల ఆచార్యునికి మాత్రము ఏ అక్షరమును లేదు. తాను మహాపాపినని ఆయన పీఠముపైనుండి చెప్పినకొలది భక్తులు ఆయన వినయమును మెచ్చుకొనుచుండిరి. దాచిన పాపము ఆయనను లోలోపల తిన్నది. ఇక చిల్లింగ్‌వర్త్ చేతిలో ఏ న్యాయగ్రంథమును లేదు. వాని చేతిలో ఉన్నది కుతూహలము. ఎదుటివాని గుండెను దయలేక విప్పి చూచు ఆ కుతూహలమునే హాథార్న్ అన్నింటికంటె నల్లని పాపముగ చిత్రించినాడు. ఊరి అరుగులపై నేటికిని దానికి కొదువ లేదు.

ఇట్టి నవల వ్రాయుటకు హాథార్న్‌కు ఇంటినుండియే కారణము కలదు. ఆయన 1804లో మసాచుసెట్స్ రాష్ట్రమందలి సేలం ఊర పుట్టినాడు. ఆయన వంశమున మొదట అమెరికా చేరిన విలియం హాథార్న్ భిన్నమతస్థులైన క్వేకరులను హింసించిన అధికారి. ఆయన కుమారుడు జాన్, 1692లో సేలమున మంత్రగత్తెలను నెపముతో జరిగిన విచారణలలో న్యాయాధిపతులలో ఒకడు. ఆ విచారణల ఫలితముగ 19 మందిని ఉరితీసినారు. సుంకపు కార్యాలయపు కొలువు 1849లో ఊడిన పిదప వ్రాసిన ఈ నవలకు ముందుమాటలో, ఆ పూర్వుల సిగ్గును తాను తలకెత్తుకొనుచున్నానని రచయిత చెప్పుకొన్నాడు. తీర్పు చెప్పినవారి వంశజుడు తీర్పునకు గురియైనదాని ప్రక్క నిలిచి వ్రాసినందువలననే నవలకు ఆ బరువు వచ్చినది. తన పెద్దల చేతివ్రాతను తానే తప్పుపట్టగల ధైర్యము ప్రతి తరమునకును కావలసినదే.

ఇక ఈ వెలుగులో స్వస్థలమును చూడవలెను. తెనాలి పేరును తన పేరులో నిలుపుకొన్న రామకృష్ణకవి 'పాండురంగ మాహాత్మ్యము'లో నిగమశర్మ కథ చెప్పినాడు. వేదవేత్త కుమారుడైన నిగమశర్మ దుర్వ్యసనములకు లోనై, బుద్ధి చెప్పవచ్చిన అక్క నగలతో సహా ఇల్లు దోచుకొని పరారియైనాడు. కులము వెలుపలి స్త్రీతో కాపురముండి బిడ్డలను కన్నాడు. ఇల్లు తగులబడి వారు పోయిన పిమ్మట దుఃఖముతో తిరిగి, నృసింహక్షేత్రమున ప్రాణము విడిచి, పుణ్యలోకమునకు పోయినాడు. క్షమ ఇంత విశాలమని చెప్పుట ఆ కావ్యపు గొప్పతనమే. ప్యూరిటనుల దేవునికి ఇట్టి దయ తెలియదు. కాని ఆ విశాలతలో చోటు దొరికినది ఎవరికని అడుగవలెను. అతనితో కాపురము చేసినదానికి కావ్యమున ముక్తి లేదు. తమ్ముని దిద్దుటకు పుట్టింటికి వచ్చిన ఆ అక్కకు, ఎంత సజీవముగ చిత్రింపబడినను, పేరే లేదు. ఆమెపై రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ప్రత్యేకముగ ఒక వ్యాసము వ్రాయవలసివచ్చినది. పురాణమున ఇంద్రుని కథయు ఇట్టిదే. గౌతముని శాపమువలన ఆయన దేహమంతటను పడిన అవమాన చిహ్నములు కన్నులుగ మారినవి. సహస్రాక్షుడను పేరు స్తుతియైనది. అదే కథలో అహల్య రాయియై పడియున్నది. చిహ్నము ఒక్కసారి పడిన తరువాత అది భూషణమగునా, బండయగునా అనునది మోయువాని అంతస్తును బట్టి ఉండుట బోస్టనులోనే పుట్టిన విద్య కాదు.

తెనాలినుండి ఒక రైలుమార్గము చీలి రేపల్లెకు పోవును. కృష్ణా డెల్టాలోని ఈ పట్టణము వేరు. తెలుగు కవులు వర్ణించిన యమునాతీరపు రేపల్లె వేరు. అయినను ఆ పేరు వినగానే తెలుగువాని చెవిలో వేణునాదము వినబడును. భాగవత దశమస్కంధమున ఆ నాదము విని గోపికలు ఇండ్లు వాకిళ్ళు, భర్తలు బిడ్డలు అన్నింటిని విడిచి వెన్నెలలో పరుగెత్తినారు. ఇది ధర్మమెట్లగునని పరీక్షిత్తు అక్కడనే శుకమహర్షిని అడిగినాడు. అనగా సంఘపు ప్రశ్నను ఆ గ్రంథమే దాచకుండ నిలిపినది. దివ్యుల నడతను మానవులు అనుకరింపరాదని సమాధానమును చెప్పినది. ఆ కథను తెలుగువారు ప్రతీకగ చదివి, జీవుడు దేవునికొరకు పడు తపనగా అర్థము చేసికొని, తరతరములుగ పాడుకొన్నారు. పాటలోని స్త్రీ ఇల్లు విడిచిన అది భక్తి. ప్రక్కవీధి స్త్రీ ఇల్లు విడిచిన అది వెలి. ప్రతీకను చదువగల ఓర్పు గల జనమే, మనిషి ఎదురైనపుడు ఆ ఓర్పును మరచుట విచిత్రము.

ఆ మరపును నిలదీసిన రచయిత ఒకడు తెనాలిలోనే పెరిగినాడు. 1894లో మద్రాసులో పుట్టిన గుడిపాటి వెంకటచలము బాల్యము తెనాలిలో మాతామహుని ఇంట గడచినది. తరువాత ఆయన ఉపాధ్యాయుడై, పాఠశాలల తనిఖీ అధికారియై పనిచేసినాడు. 1927 నాటి ఆయన 'మైదానము' నవలలో ప్లీడరు భార్య రాజేశ్వరి అమీరు అను ముస్లిము యువకునితో ఇల్లు విడిచి, ఊరికి దూరముగ ఏటి ఒడ్డున కాపురముండును. హాథార్న్ అడవికిని చలము మైదానమునకును చుట్టరికము కలదు. అడవిలో హెస్టర్ ఒక్క గడియసేపు అక్షరమును తీసి పారవేసి, జుట్టు విప్పుకొనగా, మబ్బు విడి ఎండ ఆమెపై పడును. చలము ఇల్లును చీకటిగను, మైదానమును వెలుతురుగను నిలిపినాడు. భేదమును గమనింపదగినదే. హెస్టర్ దాదాపు మౌని. ఆమె బదులు అక్షరము మాటలాడును. రాజేశ్వరి తన కథను తన నోటనే చెప్పుకొనును; ఆమెకు అక్షరము అక్కరలేదు. ఇద్దరు రచయితలును తుదకు ఒక నిజమును దాచలేదు: ఊరు దాటినంతమాత్రమున ఊరు వదలదు. పెర్ల్ అక్షరము లేని తల్లిని గుర్తింపక, దానిని మరల తగిలించుకొనువరకు వాగు దాటి రాలేదు. రాజేశ్వరి మైదానమునకును అసూయ, అధికారము, రక్తము వచ్చినవి. నవలకు వేయవలసిన తీర్పును లోకులు నవలాకారునికి వేసినారు. చలము పుస్తకమును అట్ట మార్చి చదివిన తరమొకటి తెలుగునాట ఉండెను. ఆయన 1950లో అరుణాచలము చేరి, 1979లో అక్కడనే కన్నుమూసినాడు.

ఇంతవరకు చెప్పినవి ఒక్కొక్క మనిషిపై పడిన అక్షరములు. తెనాలినుండి దక్షిణముగ పోవు ప్రధాన రైలుమార్గమున బాపట్ల దాటి చీరాల చేరకమునుపు, ఒక ఊరంతటిపైని పడిన అక్షరము కనబడును. ఆ స్టేషను పేరు స్టూవర్టుపురము. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలో రేపల్లెతోపాటు ఆ ఊరును ఉన్నది.

ఆ ఊరు తనంతట పుట్టినది కాదు. బ్రిటిషు ప్రభుత్వము 1871లో 'నేరస్థ తెగల' చట్టమును చేసినది; 1911లో దానిని సవరించి మద్రాసు రాజధానికిని వర్తింపజేసినది. ఆ చట్టమునకు నేరము రుజువు కానక్కరలేదు. ఒక తెగను పేరుపెట్టి ప్రకటించిన చాలును. అందు పుట్టుటయే రుజువు. ఎరుకలవారు పూర్వము గాడిదలపై, ఎద్దులపై ఉప్పు, ధాన్యము వేసికొని తీరమునుండి లోపలి పల్లెలకు తిరిగి అమ్ముకొనినవారు. రైళ్ళు వచ్చి, ఉప్పుపై ప్రభుత్వపు పట్టు బిగిసి, కరువులు ముంచుకొనివచ్చి ఆ వర్తకము చెడినది. బ్రతుకుతెరువు పోయి తిరుగు జనము ప్రభుత్వపు కంటికి అనుమానితులైనారు. 1913లో సాల్వేషను ఆర్మీ అను క్రైస్తవ సంస్థ నిర్వహణలో వారికొరకు బాపట్ల సమీపమున ఒక సెటిల్‌మెంటు ఏర్పడినది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక సభ్యుడైన సర్ హెరాల్డు స్టూవర్టు పేరు దానికి పెట్టినారు. నడిపినవారిలో దయ లేకపోలేదు. పొలము, బడి, వైద్యము వారు చూపినవే. కాని దయకు ప్రక్కన రిజిస్టరు ఉండెను. వేలిముద్రలు, హాజరు పిలుపు, ఊరు దాటుటకు పాసు ఉండెను. బిడ్డలను తల్లిదండ్రులనుండి వేరుచేసి ప్రత్యేకపు బడులలో ఉంచుటకు 1911 చట్టము అధికారులకు అనుమతి ఇచ్చినది. హెస్టర్ చేతినుండి పెర్ల్‌ను తీసికొనదలచిన గవర్నరు ఘట్టమును చదివినవారికి ఈ నిబంధన క్రొత్తది కాదు. ఆత్మలను ఉద్ధరించు కోరికయు, మనుషులను లెక్కపెట్టు పుస్తకమును ఒకే బల్లపై ఉన్నపుడు ప్యూరిటనుల బోస్టను ఎక్కడనైన వెలయును.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప, 1952లో ఆ చట్టము దేశమంతటను రద్దైనది. 81 సంవత్సరముల తరువాత అక్షరమును చట్టము విప్పినది. ఊరు విప్పినదా? ఆ తెగలకు వచ్చిన 'విముక్త జాతులు' అను క్రొత్త పేరులోనే పాత పేరు తొంగిచూచుచున్నది; విడుదలైనవాడనగానే, ఎందులోనుండి అను ప్రశ్న పుట్టును. దొంగతనముల వార్తలు వచ్చినపుడెల్ల పత్రికలలో, పోలీసు మాటలలో మనిషి పేరుకంటె ఊరిపేరు ముందు నిలిచినది. 1991లో ఆ ఊరిపేరు శీర్షికగ రెండు సినిమాలు వచ్చినవి. 2023లో ఆ ఊరి గజదొంగ పేరుతో మరొకటి వచ్చినది. గవర్నరు చావడిలోని ఉబ్బెత్తు కవచము ఇప్పుడు వెండితెరయైనది. దానిలో అక్షరము భూతమంత పెరుగును. పొలము దున్నువాడు, బడికి పోవు పిల్లవాడు, కొలువు చేయువాడు దాని వెనుక కనబడకపోవును. చదువుకొని బయటి ఊళ్ళలో పనికి పోయినచోట స్వగ్రామము పేరు చెప్పుటకు జంకవలసివచ్చుచున్నదని అక్కడివారు పలుమార్లు చెప్పుకొన్న మాట.

ఇక్కడ ఒక ఆక్షేపము రావచ్చును. దొంగతనములు జరుగలేదా, సంఘమునకు తన్ను కాపాడుకొను హక్కు లేదా అని. జరిగినవి, హక్కును ఉన్నది. హాథార్న్ కూడ హెస్టర్ చేసినది ఏమియు కాదని వ్రాయలేదు. ఆమె బాధలో పశ్చాత్తాపమునకును చోటిచ్చినాడు. దొంగిలించినవానిని విచారించి, నేరమునకు తగిన శిక్ష వేసి, అది తీరగానే విడిచిపెట్టు న్యాయమును ఎవరును కాదనరు. అది వేదికపై మూడు గంటల న్యాయము. దొంగ ఊరని బిడ్డకు పేరుపెట్టుట అక్షరపు న్యాయము. మొదటిదానిలో సంఘమునకు రక్షణ కలదు. రెండవదానిలో సంఘము తనకు ఇష్టమైన కథను చెప్పుకొని తృప్తిపడును. ఆ కథను తప్పించుకొనుటకు నిర్దోషికి దారియే ఉండదు. తప్పించుకొను దారి లేనివాడు ఆ పేరునే తొడుగుకొని బ్రతుకుటకు సిద్ధపడిన, అందు పాలు ఎవరిది?

అక్షరమును వేరుగ చదివినవారును ఈ ప్రాంతమున ఉన్నారు. 1974లో హేమలతా లవణము, ఆమె భర్త లవణము స్టూవర్టుపురమున సంస్కరణకృషి ఆరంభించినారు. హేమలత మహాకవి గుఱ్ఱం జాషువా కుమార్తె. అంటరానితనపు అవమానమును పడిన జాషువా, 1941 నాటి 'గబ్బిలము'లో, లోకులు అశుభమని ఇంటినుండి తరుము ప్రాణిని శివునికి తన మొర చేర్చు దూతగ చేసినాడు. చెడ్డ గుర్తును మంచి గుర్తుగ చదువుట ఆ ఇంటి విద్య. గోరా కుమారుడైన లవణమునకు ఆ పేరు 1930 నాటి ఉప్పు సత్యాగ్రహమునకు గుర్తుగ పెట్టబడినది. ఉప్పు వర్తకము చెడి నింద మోసిన జనముచెంతకు, ఉప్పు పేరు గలవాడు వచ్చి కూర్చుండుట కాకతాళీయమే కావచ్చును. వారు అక్కడివారిని తెగగ లెక్కింపక మనుషులుగ పలుకరించినారు, ఇండ్లకు పోయినారు, విడిచిపెట్టదలచినవారికి వేరొక బ్రతుకు దారి వెదకిరి. హెస్టర్ ఒంటరిగ తన బ్రతుకుతో ఊరి చదువును మార్చుకొనవలసివచ్చినది. చదువువారు తామే ముందుకు వచ్చిన, ఆ మార్పునకు ఏండ్లు తగ్గును. చట్టము చేయలేని పనిలో మిగిలిన భాగము ఇదియే.

ఈ పనిలో అందరికంటె పెద్ద పాలు ఉపాధ్యాయునిది. బడిలో చేర్చుకొనునాడు బిడ్డ పేరు, తండ్రి పేరు, ఊరిపేరు రిజిస్టరులో వ్రాయువాడు ఆయనే. ప్రతి ఉదయము హాజరు పిలుచువాడును ఆయనే. ఆ రెండు పనులు ఒకనాడు ఆ సెటిల్‌మెంటులో కావలికి సాధనములైనవి. బడిలో అవియే ఆదరమునకు సాధనములు కావలెను. తరగతిలో పెన్సిలు పోయినపుడు కన్నులు మొదట ఎవరివైపు తిరుగునో గమనించిన చాలును. ఎర్రని అక్షరము ఎక్కడ కుట్టబడుచున్నదో ఉపాధ్యాయునికి తెలియును. ఆ క్షణమున ఆయన పలుకు ఒక్క మాట ఆ కుట్టును బిగింపవచ్చును, విప్పవచ్చును. విద్యార్థులకును ఈ నవల ఇచ్చు అభ్యాసము ఒకటి కలదు. ఒక మనిషిని గూర్చి ఊరు ఒక్కమాటలో చెప్పినపుడు, ఆ మాటను వ్రాసినదెవరు, దానితో ఎవరికి లాభము, మోయువాడు దానిని ఎట్లు చదువుచున్నాడు అని మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ ప్రశ్నలు వేయగలవాడు హాథార్న్‌ను చదివినవాడు. వేయలేనివాడు పరీక్షలో మార్కులు వచ్చినను చదువనివాడే.

హెస్టర్ సమాధిపై వ్రాతకు బదులు అదే ఎర్రని అక్షరము చెక్కబడినదని చెప్పి హాథార్న్ నవల ముగించినాడు. కాని పెర్ల్ దానిని మొదట గుర్తుపట్టినది ఓనమాలలోని అక్షరముగనే. తెలుగు బిడ్డయు మొదట దిద్దునది 'అ'. బాపట్ల వీధిబడిలోను, రేపల్లె గుడిముందరను, తెనాలి ఇంటి నడవలోను, స్టూవర్టుపురపు బడిలోను పళ్ళెములో బియ్యము పోసి, బిడ్డ వ్రేలు పట్టి దిద్దించునది ఆ ఒక్క అక్షరమే. ఆ పళ్ళెము ముందు ఏ బిడ్డకును ఇంకను పేరు పడలేదు.